రక్తపు స్లైడు చదవడం – 6వ భాగం: రియాక్టివ్ లింఫోసైట్‌ను గుర్తుపట్టడం

గత భాగంలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణంలో కనిపించే మార్పులు, అంటే బ్యాండ్ కణాలు, టాక్సిక్ గ్రాన్యూల్స్ చూశాం. న్యూట్రోఫిల్‌తో ఒక సుఖం ఉంది. ఎంత మారినా అది న్యూట్రోఫిల్‌లాగే కనిపిస్తుంది. లింఫోసైట్ అనే తెల్లకణం అలా కాదు. ఇన్ఫెక్షన్ లాంటి వాటికి స్పందించి రూపమే మార్చుకుంటుంది, అలా మారినదే రియాక్టివ్ లింఫోసైట్. వానలు పడి డెంగ్యూ మొదలయ్యాక, ఆగస్టు నుంచి నవంబరు దాకా మన జిల్లాల్లోని ల్యాబుల్లో స్లైడు పెడితే చాలు, పెద్దగా, నీలంగా, వంకర అంచులతో ఉన్న కణాలు ఎదురవుతాయి. కొందరు వాటిని మోనోసైట్ల లెక్కలో వేస్తారు. కొందరు మామూలు లింఫోసైట్లలో కలిపేసి ఊరుకుంటారు. ఇంకొందరు బెదిరిపోయి బ్లాస్ట్ (లుకేమియాలో కనిపించే అపరిపక్వ కణం) అని రాసేస్తారు. మొదటి రెండింటి వల్ల డాక్టరుకు అందాల్సిన సమాచారం పోతుంది. మూడోదాని వల్ల ఒక కుటుంబానికి వారం రోజులు నిద్ర ఉండదు.

ఈ పాఠంలో పట్టుకోవాల్సింది ఒక్కటే. రియాక్టివ్ లింఫోసైట్‌ను ఒంటరి కణంగా చూసి తేల్చకూడదు. స్లైడు మీదున్న లింఫోసైట్లన్నిటినీ ఒక గుంపుగా చూసి, పక్కన హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిల్స్ ఎలా ఉన్నాయో చూసి, అప్పుడు తేల్చాలి. ఇక మీదట చెప్పేదంతా ఈ పని ఎలా చేయాలన్నదే.

ముందు మామూలు కణం

చిన్న లింఫోసైట్ 7 నుంచి 10 మైక్రాన్లు ఉంటుంది. న్యూక్లియస్ గుండ్రంగా, ముదురు ఊదారంగులో, దానిలోని జన్యుపదార్థం (క్రొమాటిన్) గడ్డలు గడ్డలుగా ఉంటుంది. దాని చుట్టూ సన్నటి నీలి అంచులా సైటోప్లాజం. న్యూక్లియస్ దాదాపు ఎర్రకణమంత ఉంటుంది కాబట్టి ఎర్రకణాన్నే కొలబద్దగా వాడమని పుస్తకాలు చెబుతాయి. మన దగ్గర ఈ కొలబద్దను కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఐరన్ లోపంతో ఎర్రకణాలు చిన్నవైపోయిన వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, పిల్లలు మన ల్యాబులకు రోజూ వస్తారు. వాళ్ల స్లైడులో ఎర్రకణం పక్కన పెట్టి చూస్తే ప్రతి లింఫోసైటూ పెద్దదిగానే కనిపిస్తుంది. ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 70 కంటే తక్కువ ఉంటే కొలతకు న్యూట్రోఫిల్‌ను వాడండి. దాని పరిమాణం 12 నుంచి 15 మైక్రాన్లు, ఐరన్ లోపం దాన్ని చిన్నది చేయదు.

ఇంకో మామూలు కణం ఉంది, దాన్నీ ఇప్పుడే పక్కన పెట్టేద్దాం. లార్జ్ గ్రాన్యులర్ లింఫోసైట్. లేత సైటోప్లాజంలో కొద్దిపాటి ఎర్రటి గ్రాన్యూల్స్ విడివిడిగా కనిపిస్తాయి, న్యూక్లియస్ మాత్రం ముదురుగా, పరిణతితో ఉంటుంది. ఆరోగ్యవంతుల్లో లింఫోసైట్లలో పదో వంతు దాకా ఇవే ఉంటాయి. పెద్దగా ఉంది కదా అని రియాక్టివ్ లెక్కలో వేయకండి.

పెద్దవాళ్లలో మొత్తం లింఫోసైట్లు మైక్రోలీటర్‌కు 1,000 నుంచి 4,000. పసిపిల్లల్లో, నాలుగేళ్ల లోపు వాళ్లలో లింఫోసైట్లే న్యూట్రోఫిల్స్ కంటే ఎక్కువ ఉండడం సహజం. వాళ్ల స్లైడులో జ్వరం లేకపోయినా అక్కడక్కడ రియాక్టివ్ కణం కనిపిస్తుంది. పెద్దవాళ్లలోనూ నూటికి ఒకటో రెండో కనిపిస్తే కంగారు లేదు.

కణం ఎందుకు మారుతుంది

ఫొటోలు చూసి రూపాలు కంఠస్థం చేసినవాళ్లు కొత్త రూపం రాగానే ఆగిపోతారు. కారణం తెలిసినవాళ్లు ఆగరు. కాబట్టి ఇక్కడ కాస్త నిదానిద్దాం.

చిన్న లింఫోసైట్ పని లేకుండా విశ్రాంతిగా ఉన్న కణం. దాని జన్యుపదార్థం గట్టిగా ముడుచుకుని ఉంటుంది, అందుకే క్రొమాటిన్ గడ్డలుగా కనిపిస్తుంది. తనకు సరిపోయే యాంటీజెన్ తగిలిందంటే అది మేల్కొంటుంది. ప్రొటీన్లు తయారు చేయాలి, విభజన చెందాలి. జన్యువులు చదవబడాలంటే క్రొమాటిన్ విప్పుకోవాలి, కాబట్టి న్యూక్లియస్ పెద్దదై, లేతబడి, నేత పలచబడుతుంది. ప్రొటీన్లు తయారవ్వాలంటే రైబోజోములు కావాలి, వాటిని తయారుచేసే చోటు న్యూక్లియోలస్, అందుకే కొన్ని కణాల్లో న్యూక్లియోలస్ బయటపడుతుంది. రైబోజోముల నిండా ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ ఆమ్ల స్వభావం గలది, మన లీష్మన్ స్టెయిన్‌లోని మిథిలీన్ బ్లూ, అజూర్ రంగులు క్షార స్వభావం గలవి. ఆ రెండూ పట్టుకుంటాయి. సైటోప్లాజం ఎంత నీలంగా ఉంటే లోపల అంత ఆర్‌ఎన్‌ఏ ఉందన్నమాట. తయారైన ప్రొటీన్‌ను బయటికి పంపే గాల్జీ భాగం మాత్రం రంగు పట్టదు. అందుకే న్యూక్లియస్ పక్కన చిన్న తెల్లటి జాగా కనిపిస్తుంది.

కణం పెరిగింది, మెత్తబడింది. స్లైడు మీద పరచినప్పుడు చుట్టూ ఉన్న ఎర్రకణాల మధ్య సందుల్లోకి దాని అంచు ఒదిగిపోతుంది. ఎర్రకణం ఆనిన చోట అంచు లోపలికి నొక్కుకుని, ఆ అంచు వెంబడి నీలం మరింత చిక్కగా కనిపిస్తుంది. అందరూ మొదట గుర్తుపెట్టుకునే లక్షణం ఇదే. మంచిదే కానీ దీని ఒక్కదాని మీదే ఆధారపడకండి. కొన్ని లుకేమియా కణాలూ ఎర్రకణాల చుట్టూ ఇలాగే ఒదుగుతాయి.

మరో మాట. ఏ కణం ఎప్పుడు మేల్కొంది, ఎంతదూరం మారింది అన్నది కణానికీ కణానికీ తేడా. ఒకటి నిన్న మొదలుపెట్టింది, ఇంకొకటి నాలుగు రోజుల కింద. అందుకే ఒకే స్లైడులో చిన్నవి, మధ్యరకం, పెద్దవి, లేతనీలం, ముదురునీలం అన్నీ దొరుకుతాయి. జాతరకొచ్చిన జనంలా ఏ ఒక్కరూ ఇంకొకరిలా ఉండరు. లుకేమియాలో, లింఫోమాలో కణాలన్నీ ఒకే కణం సంతానం కాబట్టి మొహాలు కలుస్తాయి. రియాక్టివ్‌కు మొదటి సాక్ష్యం వైవిధ్యమే.

స్లైడు మోసం చేసే చోట్లు

కణం చూడకముందే స్లైడును చూడాలి. నా దృష్టిలో రియాక్టివ్ లింఫోసైట్ల విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం మైక్రోస్కోపు దగ్గర కాదు, ట్యూబు దగ్గరా స్టెయినింగ్ ర్యాక్ దగ్గరా జరుగుతాయి.

రక్తం ఈడీటీఏలో (గడ్డకట్టకుండా ఊదామూత ట్యూబులో ఉండే రసాయనం) నిలవ ఉన్న కొద్దీ లింఫోసైట్ల న్యూక్లియస్‌లు మడతలు పడతాయి, తమ్మెలు తీరతాయి, సైటోప్లాజంలో బుడగల్లాంటి ఖాళీలు వస్తాయి. మధ్యాహ్నం మండలంలోని కలెక్షన్ సెంటర్లో తీసిన ఊదామూత ట్యూబు సాయంత్రం బస్సులో పట్నం చేరి, రాత్రి ఏడింటికి స్లైడు అయితే, ఆ స్లైడులో మీరు చూసేది జబ్బో నిలవో చెప్పడం కష్టం. రక్తం తీసిన రెండు గంటల లోపు స్లైడు వేయాలి. ల్యాబు దూరమైతే కలెక్షన్ సెంటర్లోనే రెండు స్లైడులు వేసి, ఆరబెట్టి, మిథనాల్‌తో ఫిక్స్ చేసి ట్యూబుతో పాటు పంపించే అలవాటు చేయించండి. ఖర్చు ఏమీ లేదు. ట్యూబు మీద రక్తం తీసిన టైము రాయించడం దానికంటే ముఖ్యం. న్యూట్రోఫిల్ న్యూక్లియస్‌లు కూడా ముద్దకట్టి నల్లటి ఉండల్లా కనిపిస్తే శాంపిల్ పాతబడిందని అర్థం, లింఫోసైట్ రూపం గురించి ఏమీ రాయకుండా కొత్త శాంపిల్ అడగండి.

తర్వాత నీళ్లు. లీష్మన్ స్టెయిన్ పోసి రెండు నిమిషాలు, దానికి రెట్టింపు బఫర్ పోసి ఏడెనిమిది నిమిషాలు అనేది అందరికీ తెలిసిందే. ఆ బఫర్ పీహెచ్ 6.8 ఉండాలన్నదీ తెలుసు. తెలిసీ బఫర్ అయిపోయిన రోజున కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పోసే ల్యాబులు ఉన్నాయి. మన బోరు నీళ్లు చాలాచోట్ల క్షారగుణం కలవి. ఆ నీళ్లతో స్లైడు మొత్తం నీలానికి తిరుగుతుంది, ప్రతి లింఫోసైటూ మేల్కొన్నదానిలా కనిపిస్తుంది. అందుకని నీలాన్ని నమ్మేముందు ఎర్రకణాల రంగు చూడండి. అవి లేత గులాబీ రంగులో ఉండాలి. బూడిదరంగుకో పచ్చటి నీలానికో తిరిగి ఉంటే ఆ స్లైడులో సైటోప్లాజం నీలం గురించి తీర్పు ఇవ్వకండి, బఫర్ కలిపి మళ్లీ స్టెయిన్ చేయండి. వానాకాలంలో మిథనాల్ సీసా మూత తీసి ఉంచితే గాలిలో తేమను లాక్కుంటుంది, ఎర్రకణాల మీద మెరిసే మచ్చలు, కణాల్లో ఖాళీలు వస్తాయి. సీసా చిన్నది వాడండి, మూత వెంటనే బిగించండి.

ఇక చూసే చోటు. స్లైడు మందంగా ఉన్న వైపు లింఫోసైట్లన్నీ కుదించుకుని, చిన్నగా, నల్లగా ఉంటాయి. రియాక్టివ్ కణాలు అక్కడ దాక్కుంటాయి. తోక చివర ఎర్రకణాలు మధ్యలో లేతదనం పోయి పలకల్లా పరుచుకున్న చోట మామూలు లింఫోసైట్ కూడా సాగిపోయి పెద్దదిగా కనిపిస్తుంది. ఎర్రకణాలు ఒకదాన్నొకటి అంటీ అంటకుండా ఉన్న చోటే చదవాలి. పెద్ద కణాలు అంచులకూ తోకకూ కొట్టుకుపోతాయి కాబట్టి స్లైడు మధ్యలో తిన్నగా ఒక గీత గీసినట్టు పోకూడదు. అంచు దాకా వెళ్లి, రెండు ఫీల్డులు పక్కకు జరిగి, మళ్లీ ఎదుటి అంచు దాకా రావాలి.

మూడు రూపాలు

1920లో అమెరికాలో స్ప్రంట్, ఇవాన్స్ అనే ఇద్దరు వైద్యులు గొంతునొప్పి, జ్వరం, మెడ గ్రంథుల వాపుతో వచ్చి తమంతట తామే కోలుకున్న యువకుల రక్తంలో ఈ కణాలను వర్ణించి, ఆ జబ్బుకు ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అని పేరు పెట్టారు. 1923లో డౌనీ, మెకిన్లే వాటిని మూడు రకాలుగా విడదీశారు. నేటి రిపోర్టులో రకం నంబరు రాయాల్సిన పని లేదు. కంటికి అలవాటు చేయడానికి మాత్రం ఆ విభజన ఇప్పటికీ పనికొస్తుంది.

మొదటి రకం పెద్దగా పెరగదు. న్యూక్లియస్ నొక్కుపడి గానీ తమ్మెలుగా గానీ ఉంటుంది, క్రొమాటిన్ ఇంకా ముదురే, సైటోప్లాజం నీలంగా, నురగలాంటి ఖాళీలతో ఉంటుంది.

రెండో రకం ఎక్కువగా కనిపించేది, ఫొటోల్లో ఉండేది. కణం 20 మైక్రాన్లు దాటొచ్చు. సైటోప్లాజం విస్తారం, మధ్యలో లేత నీలం, అంచున ముదురు, ఎర్రకణాల చుట్టూ ఒదిగి ఉంటుంది. న్యూక్లియస్ కోలగా లేదా వంకరగా, క్రొమాటిన్ కొంత విప్పుకుని, కొంత గడ్డగా ఉంటుంది.

మూడో రకం దగ్గర చేతులు వణుకుతాయి. పెద్ద కణం, ముదురు నీలం సైటోప్లాజం, విప్పుకున్న క్రొమాటిన్, ఒకటి రెండు న్యూక్లియోలస్‌లు. ఇమ్యునోబ్లాస్ట్ అనేది దీన్నే. బ్లాస్ట్‌తో పొరబడేది దీన్నే.

వీటికి తోడు ప్లాస్మా కణం (యాంటీబాడీలు తయారుచేసే కణం) పోలికలున్న రూపం: న్యూక్లియస్ ఒక పక్కకు జరిగి, దాని పక్కన తెల్లటి జాగా, మిగతా సైటోప్లాజం చిక్కటి నీలం. డెంగ్యూలో మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. డెంగ్యూలో బీ-లింఫోసైట్లు యాంటీబాడీలు తయారు చేసే ప్లాస్మాబ్లాస్టులుగా మారి గుంపులుగా రక్తంలోకి వస్తాయి. మోనోన్యూక్లియోసిస్ కథ వేరు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ పట్టేది బీ-లింఫోసైట్లనే, కానీ స్లైడులో కనిపించే పెద్ద కణాల్లో అత్యధికం వాటిని చంపడానికి బయల్దేరిన సీడీ8 టీ-లింఫోసైట్లు.

డెంగ్యూ స్లైడులో ఒక క్రమం ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు తెల్లకణాలు తగ్గుతాయి, ముందు న్యూట్రోఫిల్స్ పడిపోతాయి, రియాక్టివ్ కణాలు అంతగా ఉండవు. నాలుగైదు రోజుల నుంచి అవి పెరుగుతాయి. సరిగ్గా అప్పుడే జ్వరం తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు పడతాయి, రక్తనాళాల నుంచి ప్లాస్మా కారే ప్రమాదం మొదలవుతుంది. జ్వరం తగ్గింది కదా అని ఇంటికి పోదామనుకునే రోజు అదే. అందుకని రియాక్టివ్ కణాల శాతం రాసేటప్పుడు హెమటోక్రిట్‌ను (రక్తంలో ఎర్రకణాల శాతాన్ని) నిన్నటితో పోల్చి చూడండి. 20 శాతం పెరిగి ఉంటే కాగితం వెళ్లేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోను చేయండి. డెంగ్యూ అని తేల్చేది మాత్రం స్లైడు కాదు. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 (వైరస్ ప్రొటీన్) పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం (యాంటీబాడీ) పరీక్ష.

డెంగ్యూ కాలంలో ఇంకో చిన్న జాగ్రత్త. పాడేరు, భద్రాచలం వైపు ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, మిగతావాళ్లు కూడా లింఫోసైట్ల వేటలో పడి ఎర్రకణాల లోపల మలేరియా పరాన్నజీవుల కోసం చూడడం మరిచిపోకండి. మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడతాయి.

కారణాల జాబితా పొడుగ్గా ఉంటుంది: సైటోమెగలో వైరస్, హెపటైటిస్ వైరస్‌లు, రుబెల్లా, టాక్సోప్లాస్మా, హెచ్‌ఐవీ సోకిన తొలి వారాలు. స్లైడు చూసి వీటిని విడదీయలేం. ఒక్కదానికి మాత్రం స్లైడులోనే సూచన దొరుకుతుంది. రియాక్టివ్ లింఫోసైట్లతో పాటు ఇయోసినోఫిల్స్ కూడా బాగా పెరిగి, ఒంటి మీద దద్దుర్లు, జ్వరం ఉంటే మందుల గురించి అడగండి. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, డాప్సోన్, అల్లోప్యూరినాల్ లాంటివి మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో వచ్చే తీవ్రమైన రియాక్షన్ ఇలాగే కనిపిస్తుంది. మందు ఆపకపోతే లివర్ దెబ్బతినొచ్చు. మీ ఒక్క వాక్యం అక్కడ ప్రాణం నిలబెట్టగలదు.

కోరింత దగ్గు మరీ విచిత్రం. లింఫోసైట్లు 20,000, 30,000 దాటతాయి, కానీ కణాలు చిన్నవి, ముదురువి, న్యూక్లియస్‌లో లోతైన చీలికతో ఉంటాయి. ఆ బ్యాక్టీరియా విషం లింఫోసైట్లను రక్తం నుంచి గ్రంథుల్లోకి వెళ్లనివ్వదు. మేల్కొన్నవి కావు, దారి మూసుకుపోయి రక్తంలోనే నిలిచిపోయినవి. కాబట్టి రూపం మామూలుగానే ఉంటుంది.

మోనోసైట్‌తో తికమక

త్రీపార్ట్ ఎనలైజర్ (తెల్లకణాలను మూడు గుంపులుగా లెక్కించే మిషను) వాడే ల్యాబుల్లో ఈ తికమక మిషనుతోనే మొదలవుతుంది. అది కణాలను పరిమాణాన్ని బట్టే విడదీస్తుంది. పెద్దవైన లింఫోసైట్లు మధ్య భాగంలోకి జరిగి మిడ్ శాతం 15, 18 అని వస్తుంది. దాన్ని మోనోసైట్లుగా మార్చి రాస్తే ఆ రిపోర్టు తప్పు. మిడ్ పెరిగిన ప్రతి జ్వరం కేసుకూ స్లైడు చూడాల్సిందే.

మైక్రోస్కోపులో మోనోసైట్ సైటోప్లాజం బూడిద కలిసిన నీలం, మసకగాజులా ఉండి సన్నటి ధూళిలాంటి గ్రాన్యూల్స్ కనిపిస్తాయి. రియాక్టివ్ లింఫోసైట్ నీలంలో బూడిద ఉండదు, తేటగా ఉంటుంది. మోనోసైట్ క్రొమాటిన్ మెత్తటి అల్లికలా అంతటా ఒకేలా ఉంటుంది, మడతలు పడుతుంది. రియాక్టివ్ కణంలో అక్కడక్కడ గడ్డలు మిగిలే ఉంటాయి. స్టెయిన్ రోజుకో రకంగా పడుతుంది కాబట్టి ఆరోజు స్లైడులో ఎవరూ కాదనలేని మోనోసైట్‌ను ఒకదాన్ని ముందు వెతికి పట్టుకోండి. అనుమానం వచ్చిన ప్రతి కణాన్నీ దానితో పోల్చండి. పుస్తకంలోని ఫొటోతో పోల్చడం కంటే ఇది ఎన్నో రెట్లు నమ్మదగిన పద్ధతి.

బ్లాస్ట్ అనిపించినప్పుడు

మన దేశంలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ చాలామందికి చిన్నతనంలోనే సోకుతుంది. కాబట్టి గొంతునొప్పి, మెడ గ్రంథులు, స్ప్లీన్ వాపు, జ్వరంతో రియాక్టివ్ కణాలు చూపించే రోగి తరచుగా పిల్లవాడే అవుతాడు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. దాని లక్షణాలూ దాదాపు అవే. మనం చదివే స్లైడు ఈ రెండింటి మధ్య నిలబడుతుంది.

కణాన్ని చూడండి. లింఫోబ్లాస్ట్‌లో న్యూక్లియస్సే కణమంతా నిండి ఉంటుంది, సైటోప్లాజం సన్నటి అంచు. మూడో రకం రియాక్టివ్ కణం బ్లాస్ట్‌లా కనిపించినా దానికి సైటోప్లాజం ధారాళంగా, చిక్కటి నీలంగా ఉంటుంది. బ్లాస్ట్ క్రొమాటిన్ అంతటా ఒకే రకం సన్నదనం.

తర్వాత దాని బంధువుల కోసం వెతకండి. ఇమ్యునోబ్లాస్ట్ ఉన్న స్లైడులో రెండో రకం కణాలు, ప్లాస్మా కణం పోలికలున్నవి, సగం మారినవి, ఇంకా మారనివి అన్నీ మెట్లు మెట్లుగా దొరుకుతాయి. చిన్న కణం నుంచి పెద్ద కణం దాకా తెగకుండా ఒక వరుస పేర్చగలిగితే అది రియాక్టివ్ గుంపే. పరిణతి చెందిన లింఫోసైట్లు ఒకవైపు, బ్లాస్ట్‌లు ఇంకోవైపు ఉండి మధ్యలో ఏమీ లేకపోతే ఆ ఖాళీని తేలిగ్గా తీసుకోకండి.

చివరగా కౌంట్లు. వైరల్ జ్వరంలో హిమోగ్లోబిన్ సాధారణంగా పడదు. ముందే ఐరన్ లోపం ఉంటే తక్కువ ఉండొచ్చు, అప్పుడు ఎంసీవీ ఆ సంగతి చెబుతుంది. ఎంసీవీ మామూలుగా ఉండి హిమోగ్లోబిన్ 7 ఉండడం, ప్లేట్‌లెట్లు తక్కువ ఉండడం, న్యూట్రోఫిల్స్ వెతికినా దొరక్కపోవడం, ఈ మూడూ కలిస్తే కణం ఎంత అమాయకంగా కనిపించినా స్లైడు పాథాలజిస్ట్ దగ్గరికి ఆ గంటలోనే వెళ్లాలి. టోటల్ కౌంట్ మామూలుగా ఉందన్న ధైర్యం వద్దు. లుకేమియా పిల్లల్లో చాలామందికి మొదటి రోజు తెల్లకణాల సంఖ్య మామూలుగానో తక్కువగానో ఉంటుంది.

తేలకపోతే? తేలలేదని రాయాలి. స్లైడు పంపాలి. రిపోర్టు కాగితం మీద ప్రశ్నార్థకం పెట్టి లుకేమియా అని రాసి రోగి బంధువు చేతికి ఇవ్వడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆ మాట చెప్పాల్సింది పక్కన కూర్చుని మాట్లాడగలిగిన డాక్టరు.

లెక్క, రిపోర్టు

100 కణాలు లెక్కిస్తే రియాక్టివ్ 10 శాతం వచ్చిందనుకోండి. కేవలం యాదృచ్ఛికం వల్లే అసలు విలువ సుమారు 5 నుంచి 18 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 200 లెక్కిస్తే ఆ ఎడం 6 నుంచి 15కు తగ్గుతుంది. కాబట్టి ఈ కణాలు కనిపించిన స్లైడులో 200 లెక్కించండి. నిన్న 12, ఇవాళ 9 వస్తే తగ్గిందని ఎవరికీ చెప్పకండి, ఆ తేడాకు అర్థం లేదు.

శాతాన్ని సంఖ్యగా మార్చడం తప్పనిసరి. టోటల్ కౌంట్ 3,100, మామూలు లింఫోసైట్లు 42, రియాక్టివ్ 20 అనుకుందాం. మొత్తం 62 శాతం, అంటే 1,922. ఇది మామూలు పరిధిలోనే ఉంది. లింఫోసైట్లు పెరగలేదు, న్యూట్రోఫిల్స్ తగ్గాయి. లింఫోసైటోసిస్ అని రాస్తే తప్పవుతుంది.

అంతర్జాతీయ హెమటాలజీ ప్రామాణీకరణ మండలి 2015లో ఇచ్చిన సూచన ప్రకారం ఇన్ఫెక్షన్ లాంటి కారణాలతో మారినట్టున్న వాటిని రియాక్టివ్ లింఫోసైట్ అనాలి. క్యాన్సర్ అనుమానం ఉన్నవాటిని అబ్‌నార్మల్ లింఫోసైట్ అని రాసి, పక్కన వర్ణన ఇవ్వాలి. ఎటిపికల్ అనే మాట రెండు అర్థాల్లోనూ వాడుకలో ఉంది కాబట్టి చదివే డాక్టరు ఏది అనుకుంటాడో తెలియదు. మీ ల్యాబులో ఆ మాట వాడక తప్పకపోతే పక్కన ‘రియాక్టివ్ అనిపిస్తున్నాయి’ అనో ‘క్లోనల్ అనుమానం’ (ఒకే కణం సంతానం కావచ్చని) అనో ఉండాలి.

మంచి రిపోర్టు ఇలా ఉంటుంది: "తెల్లకణాలు తగ్గాయి, న్యూట్రోఫిల్స్ తక్కువ. రియాక్టివ్ లింఫోసైట్లు 20 శాతం, వివిధ పరిమాణాల్లో, కొన్ని ప్లాస్మా కణం పోలికలతో. బ్లాస్ట్‌లు కనిపించలేదు. ప్లేట్‌లెట్లు స్లైడులోనూ తక్కువ, గుంపులు లేవు. మలేరియా పరాన్నజీవులు కనిపించలేదు." ఈ కణాలు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే మళ్లీ స్లైడు చూడమని ఒక వాక్యం చేర్చండి.

అభ్యాసం

మూడు స్లైడుల వర్ణనలు ఇస్తున్నాను. ఇవి పాఠం కోసం అల్లినవి. జవాబు చదివేముందు మీ రిపోర్టు కాగితం మీద రాయండి. ఇద్దరుంటే విడివిడిగా రాసి తర్వాత పోల్చుకోండి.

మొదటిది. 26 ఏళ్ల యువతి, జ్వరం ఐదో రోజు. టోటల్ కౌంట్ 2,900, హిమోగ్లోబిన్ 15.8, ప్లేట్‌లెట్లు 48,000. లింఫోసైట్లలో సగం దాకా పెద్దవి, నీలం వేర్వేరు చిక్కదనాల్లో. కొన్నింటిలో న్యూక్లియస్ పక్కకు జరిగి తెల్లటి జాగా ఉంది.

రెండోది. ఐదేళ్ల బాబు, మూడు వారాలుగా జ్వరం, మెడ గ్రంథులు. టోటల్ కౌంట్ 18,000, హిమోగ్లోబిన్ 6.9, ఎంసీవీ 84, ప్లేట్‌లెట్లు 35,000. నూటికి 70 కణాలు ఒకే పరిమాణం, సన్నటి సైటోప్లాజం, మెత్తటి క్రొమాటిన్. న్యూట్రోఫిల్స్ నూటికి నాలుగు.

మూడోది. 62 ఏళ్ల పెద్దాయన, కంటి శుక్లం ఆపరేషన్‌కు ముందు పరీక్షలకు వచ్చారు. జ్వరం లేదు. టోటల్ కౌంట్ 38,000, హిమోగ్లోబిన్ 12.4, ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు. నూటికి 85 చిన్న లింఫోసైట్లు, ముదురు గడ్డల క్రొమాటిన్, అన్నీ ఒకేలా. మధ్యమధ్య చిదికిపోయిన కణాలు.

జవాబులు. మొదటిది రియాక్టివ్, ప్లాస్మా కణం పోలికలతో. ఆ వయసు ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 15.8 అంటే రక్తం చిక్కబడి ఉండొచ్చు, హెమటోక్రిట్ పాత రిపోర్టుతో పోల్చి వెంటనే చెప్పాలి. ఇక్కడ లింఫోసైట్ కంటే ఆ అంకె ముఖ్యం.

రెండోదాంట్లో వైవిధ్యం లేదు, మధ్య మెట్లు లేవు, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిల్స్ మూడూ పడ్డాయి. రియాక్టివ్ అని రాయకూడదు. కణాల వర్ణన రాసి, పాథాలజిస్ట్‌కు స్లైడు చేతికిచ్చి, పంపిన డాక్టరుకు ఫోనులో చెప్పాలి. మిగిలిన రక్తాన్ని పారేయకండి, ఫ్లో సైటోమెట్రీకి (కణాల రకం తేల్చే పరీక్షకు) పనికొస్తుంది.

మూడోది బ్లాస్టూ కాదు, రియాక్టివూ కాదు. మొత్తం లింఫోసైట్లు 32,300, జ్వరం లేదు, అన్నీ పరిణతి చెందినవే, అన్నీ ఒకేలా. అబ్‌నార్మల్ లింఫోసైట్లు, క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అనుమానం, ఫ్లో సైటోమెట్రీ అవసరం. చిదికిన కణాలను లెక్కలో కలపాలా వద్దా అని మీలో కొందరు ఆగి ఉంటారు. కలపాలి. ఎలా కలపాలి, అవి చిదకకుండా రక్తంలో ఆల్బుమిన్ కలిపి స్లైడు ఎలా వేయాలి అన్నది 7వ భాగంలో.